ట్రయల్ కాయితం మీద సంతకం పెట్టే ముందు

ఈ నెల చక్కెర జబ్బు గురించి రాస్తానని పోయిన సంచికలో మాటిచ్చాను. దాన్ని వచ్చే నెలకు జరుపుతున్నాను. ఎందుకంటే, రెండు నెలల్లో మన కుటుంబాల్లోనే ముగ్గురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. ఒక అక్క అడిగిన మాటలు ఉన్నవి ఉన్నట్టే రాస్తాను: "అన్నా, క్యాన్సర్‌కి కొత్త మందు ట్రయల్ నడుస్తాందంట. ఇమ్యునోథెరపీ అంటాండారు. మా ఆయన్ని చేరమని డాక్టరు చెప్పినాడు. మనమీద ప్రయోగం సేసి వదిలేస్తారు, సంతకం పెట్టొద్దని మా తమ్ముడు అంటాడు. ఎవురి మాట వినాల?"

మిగతా ఇద్దరి మాటలు వేరు, భయం మాత్రం ఇదే. ఆ తమ్ముడి మాటను తేలిగ్గా తీసేయలేం. ఆ డాక్టరు మాటనూ తీసేయలేం. ఇద్దరూ ఎందుకు అలా అంటున్నారో తెలిస్తే నిర్ణయం మీరే తీసుకోగలరు.

ముందు మన ఊరి సంగతి. జిగణి అంటే గ్రానైటు, బట్టల మిల్లులు, గార్మెంట్లు అనే మనకు తెలుసు. కానీ జిగణి–బొమ్మసంద్ర లింక్ రోడ్డులో బస్సులో పోతుంటే కనిపించే పెద్ద పెద్ద అద్దాల భవనాల్లో బయోకాన్, సింజీన్ ఉన్నాయి. హోసూరు రోడ్డు ఎక్కగానే నారాయణ హెల్త్ సిటీ, దాని లోపలే మజుందార్ షా క్యాన్సర్ ఆస్పత్రి. అంటే దేశంలో క్యాన్సర్ కొత్త మందులు తయారయ్యేచోట, పరీక్షించేచోట మనం కాపురం ఉంటున్నాం. షిఫ్టు దిగి ఇంటికి పోయే దారిలోనే ఇదంతా జరుగుతోంది. అందుకే ఈ ప్రశ్న ఇవాళ మన లైన్ ఇళ్ళదాకా వచ్చింది.

ఇమ్యునోథెరపీ అంటే ఏమిటి?

మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్‌ను తలుచుకోండి. కార్డు ఉన్నవాణ్ణి లోపలికి వదులుతాడు, లేనివాణ్ణి ఆపుతాడు. మన రక్తంలో టీ-కణాలని ఉంటాయి. అవి కూడా అలాంటి కాపలాదార్లే. ఒంట్లో తిరుగుతూ ప్రతి కణాన్నీ తడిమి చూస్తాయి. మనది కాదనిపిస్తే చంపేస్తాయి. అయితే మనవాళ్ళమీదే చెయ్యి చేసుకోకుండా వాటికి ఒక బ్రేకు ఉంటుంది. ఆ బ్రేకుల్లో ఒకదాని పేరు పీడీ-1.

క్యాన్సర్ కణం దొంగది. అది పీడీ-ఎల్1 అనే దొంగ గేట్‌పాసు పట్టుకొని తిరుగుతుంది. టీ-కణం ఎదురుపడగానే ఆ పాసు చూపించి బ్రేకు నొక్కేస్తుంది. కాపలాదారు 'మనవాడేలే' అనుకొని వెళ్ళిపోతాడు. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి మందులు ఆ బ్రేకుకు అడ్డంపడి, దొంగ పాసు చెల్లకుండా చేస్తాయి. అంటే మందు నేరుగా క్యాన్సర్‌ను చంపదు, మన కాపలాదారు కళ్ళు తెరిపిస్తుంది. ఈ బ్రేకుల సంగతి కనిపెట్టినందుకే అమెరికాలోని జేమ్స్ ఆలిసన్‌కు, జపాన్‌లోని తసుకు హోంజోకు 2018లో వైద్యంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

రెండో రకం కార్-టీ. ఇది ఇంకా ముందుకు పోయింది. రోగి రక్తం నుంచి టీ-కణాలను వేరు చేస్తారు. ల్యాబులో వాటికి కొత్త జన్యువును ఎక్కించి, ఫలానా గుర్తు ఉన్న కణాన్ని కనిపెట్టి చంపేట్టు తయారుచేస్తారు. వాటిని పెంచి మళ్ళీ అదే రోగికి ఎక్కిస్తారు. ఎవరి మందు వాళ్ళ ఒంటిలోంచే వస్తుందన్నమాట. ప్రస్తుతానికి ఇది కొన్ని రకాల రక్త క్యాన్సర్లకే. అమెరికాలో 2017లో మొదటిసారి అనుమతించారు. మన దేశంలో ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ వాళ్ళు కలిసి చేసిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దాన్ని ప్రారంభించారు. ట్రయల్‌లో ఫలితం లెక్క కట్టగలిగిన 51 మందిలో 73 శాతం మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది.

రెండోది మన పక్కనే. ఇమ్యునీల్ అనే కంపెనీ బొమ్మసంద్ర నారాయణ ఆవరణలోనే ల్యాబు పెట్టుకుంది. స్పెయిన్‌లోని బార్సిలోనా ఆస్పత్రి తయారుచేసిన పద్ధతిని తెచ్చి, ఇక్కడి రోగుల మీద ట్రయల్ చేసి, 2025 జనవరిలో 'కార్టెమి' పేరుతో విడుదల చేసింది. విదేశాల్లో మూడు నాలుగు కోట్లయ్యే చికిత్స ఇక్కడ అంతకన్నా చాలా తక్కువ. తక్కువ అన్నా 30 లక్షల పైమాటే. మన జీతాలు ఎంతో, ఆ అంకె ఎంతో మీకే తెలుసు. అందుకే మనలాంటివాళ్ళకు ఇలాంటి మందు ఉచితంగా దొరికే దారుల్లో ట్రయల్ ఒకటి. ఆశ అక్కడే పుడుతుంది, భయం కూడా అక్కడే పుడుతుంది.

ట్రయల్ అంటే ఏం చేస్తారు?

మూడు మెట్లు. మొదటి మెట్టులో కొద్దిమందికి మందు ఇచ్చి, ఎంత మోతాదు ఒళ్ళు తట్టుకుంటుందో చూస్తారు. రెండో మెట్టులో మందు పనిచేస్తోందా అని చూస్తారు. మూడో మెట్టులో వందల మందిని తీసుకొని, ఇప్పుడున్న వైద్యంతో కొత్తదాన్ని పోల్చి చూస్తారు. డాక్టరు 'ట్రయల్' అనగానే మీరు అడగాల్సిన మొదటి మాట "ఎన్నో మెట్టు సార్?" అని. మొదటి మెట్టయితే మీకు మేలు జరుగుతుందన్న నమ్మకం తక్కువ, తెలియని ప్రమాదం ఎక్కువ. మూడో మెట్టయితే మందు గురించి చాలా సంగతులు అప్పటికే తెలిసి ఉంటాయి.

మొదటి మెట్టులో ఎంత జాగ్రత్త కావాలో ఒక ఉదాహరణ. 2006 మార్చిలో లండన్‌లోని నార్త్‌విక్ పార్క్ ఆస్పత్రిలో టీ-కణాలను రెచ్చగొట్టే ఒక కొత్త మందును ఆరుగురు ఆరోగ్యవంతులకు ఇచ్చారు. కొన్ని గంటల్లోనే ఆరుగురికీ ఒళ్ళంతా మంటపుట్టి, అవయవాలు దెబ్బతిని ఐసీయూకు చేరారు. ప్రాణాలు దక్కాయి. జంతువుల మీద ఏ హానీ చూపని మందు మనిషి మీద అంత పని చేసింది. ఆ తర్వాత ప్రపంచమంతా మొదటి మెట్టు ట్రయల్స్ పద్ధతులు గట్టిపడ్డాయి. ఒకేసారి అందరికీ ఇవ్వకుండా, ఒకరికి ఇచ్చి కొంత సమయం ఆగి చూసి రెండోవారికి ఇవ్వడం అప్పుడు నేర్చుకున్న పాఠమే.

రెండో ముఖ్యమైన సంగతి లాటరీ. పోల్చి చూసే ట్రయల్‌లో ఎవరికి కొత్త మందు, ఎవరికి పాత వైద్యం అన్నది డాక్టరు నిర్ణయించడు, రోగీ నిర్ణయించడు. కంప్యూటరు చీటీ తీస్తుంది. డాక్టరుకు నచ్చినవాళ్ళకు కొత్త మందు ఇస్తే లెక్క తప్పుతుంది, అందుకని. 'ట్రయల్‌లో చేరితే కొత్త మందు ఖాయం' అనుకోవద్దు. ఈ సంగతి ముందే తెలియాలి.

151 మంది చెప్పిన సంగతి

మన మిల్లుల్లో గుట్కా, హాన్స్, బీడీ ఎంత నడుస్తాయో నేను చెప్పాల్సిన పనిలేదు. నైట్ షిఫ్టులో నిద్రాపుకోవడానికి దవడలో పెట్టుకొనేది అదే. అందుకే మన దగ్గర నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ ఎక్కువ. వాటికి నివోలుమాబ్ పనికొస్తుందని తెలిసినా, పూర్తి మోతాదు కొనగలిగినవాళ్ళు మన దేశంలో వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది.

ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు ఒక ప్రశ్న వేసుకున్నారు. మోతాదు బాగా తగ్గిస్తే పనిచేస్తుందా? మామూలుగా రెండు వారాలకు ఒకసారి 240 మిల్లీగ్రాములు ఇచ్చే మందును మూడు వారాలకు 20 మిల్లీగ్రాములే ఇచ్చి చూశారు. జబ్బు ముదిరి, నయం చేయడం కుదరదని తేలిన 151 మంది ఆ ట్రయల్‌లో చేరారు. సగం మందికి తక్కువ ఖర్చుతో అయ్యే మాత్రల వైద్యం. మిగతా సగానికి అవే మాత్రలు, వాటికి తోడు కొంచెం నివోలుమాబ్. ఎవరికీ ఉత్తి చక్కెర బిళ్ళ ఇచ్చి వదిలేయలేదు.

ఏడాది తిరిగేసరికి మాత్రలు మాత్రమే తీసుకున్నవాళ్ళలో 16.3 శాతం మంది బతికున్నారు. నివోలుమాబ్ కలిపి తీసుకున్నవాళ్ళలో 43.4 శాతం. ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చూడండి. ఒకవైపు, పన్నెండో వంతు మోతాదుతో ఇంత తేడా రావడం పేదవాళ్ళకు నిజంగా పెద్ద వార్త. ఇంకోవైపు, మందు తీసుకున్నవాళ్ళలో కూడా సగానికి మించి ఏడాది దాటలేదు. 'ఇమ్యునోథెరపీ అంటే క్యాన్సర్ మాయం' అని ఎవరైనా చెప్తే ఈ రెండో సగం గుర్తు చేయండి.

ఇంకో ఉదాహరణ బయోకాన్‌ది. క్యూబా శాస్త్రవేత్తలు కనిపెట్టిన నిమోటుజుమాబ్ అనే యాంటీబాడీ మందును ఆ కంపెనీ 2006లో తల, మెడ క్యాన్సర్లకు మన దేశంలో విడుదల చేసింది. అప్పటికి దానిమీద జరిగినవి చిన్న ట్రయల్సే. చాలా ఏళ్ళ తర్వాత టాటా మెమోరియల్‌లో 536 మందితో పెద్ద ట్రయల్ చేశారు. కీమో, రేడియేషన్‌తో పాటు ఈ మందు తీసుకున్నవాళ్ళలో రెండేళ్ళపాటు జబ్బు ముదరకుండా ఉన్నవాళ్ళు 61.8 శాతం, తీసుకోనివాళ్ళలో 50.1 శాతం. జబ్బును అదుపులో ఉంచడంలో మేలుందని తేలింది. ఆయుష్షు పెరిగిందని మాత్రం గట్టిగా తేలలేదు. మార్కెట్లోకి వచ్చిన మందు విలువ కూడా పెద్ద ట్రయల్ జరిగాకే తెలుస్తుందని దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆ 536 మంది, ఈ 151 మంది సంతకం పెట్టకపోతే ఇవాళ మన డాక్టర్ల దగ్గర ఈ లెక్కలే ఉండేవి కావు.

తమ్ముడి భయం ఎక్కడినుంచి వచ్చింది?

ఊరికే రాలేదు. మన తెలుగునేల మీదే జరిగినవి ఉన్నాయి.

2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాను 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి వేశారు. పాత్ అనే విదేశీ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. భద్రాచలం వైపు హాస్టళ్ళలో చదివే గిరిజన పిల్లలు చాలామంది అందులో ఉన్నారు. తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిన చోట హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణలో చెప్పారు. కానీ అనుమతి తీసుకున్న తీరు తప్పని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. 2010 ఏప్రిల్‌లోనే ఆ కార్యక్రమం ఆపేశారు. ఇక్కడ ఒక మాట. ఆ టీకా మంచిదే, ఇప్పుడు ప్రపంచమంతా వేస్తున్నారు. తప్పు జరిగింది అడగకుండా వేసినచోట.

2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ళ ఆడవాళ్ళను డబ్బాశ చూపి హైదరాబాదు తీసుకుపోయి, రొమ్ము క్యాన్సర్‌కు వాడే మందును వాళ్ళమీద పరీక్షించారన్న సంగతి పేపర్లలో వచ్చింది. వాళ్ళు కూలి పనులు చేసుకొనేవాళ్ళు, వాళ్ళకు ఏ క్యాన్సరూ లేదు. దీన్ని బయో ఈక్వివలెన్స్ పరీక్ష అంటారు. ఒక కంపెనీ మందు, ఇంకో కంపెనీ మందు రక్తంలో ఒకేలా కలుస్తాయా అని ఆరోగ్యవంతుల మీద చూస్తారు, దానికి డబ్బిస్తారు. చట్టంలో ఇదీ ఉంది. కానీ బ్రోకర్లు పేదల బస్తీల్లో తిరిగి మనుషుల్ని పోగుచేయడం, ఒకే మనిషి పేరు మార్చుకొని నెలకో పరీక్షకు పోవడం, ఇవి ప్రాణం మీదికి తెచ్చేవి.

ఈ రెండింటికీ తేడా గుర్తుపెట్టుకోండి. జబ్బున్న మనిషికి, ఆ జబ్బుకే, వైద్యం చేసే డాక్టరు చెప్పే ట్రయల్ వేరు. "రెండు రాత్రులు పడుకొని రా, ఇంత డబ్బిస్తాం" అని బస్టాండులో బ్రోకరు చెప్పేది వేరు. రెండోదానికి పోవద్దని మన యువకులకు గట్టిగా చెప్పండి. ఓవర్‌టైం తగ్గిన నెలల్లో ఇలాంటివాళ్ళు మన లైన్లలోకి కూడా వస్తారు.

చట్టం ఏమంటుంది?

ఇండోర్‌కు చెందిన స్వాస్థ్య అధికార్ మంచ్ 2012లో సుప్రీంకోర్టుకు పోయింది. కోర్టు కోప్పడ్డాక రూల్సు మారాయి. ఇప్పుడు అమల్లో ఉన్నవి 2019 మార్చిలో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు. మనకు కావలసినవి ఇవి.

ప్రతి ట్రయల్‌కూ ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. అందులో కనీసం ఏడుగురు ఉండాలి, సగం మంది ఆ సంస్థకు సంబంధం లేనివాళ్ళు కావాలి. చట్టం తెలిసినవాళ్ళు ఒకరు, మనలాంటి మామూలు మనిషి ఒకరు, కనీసం ఒక మహిళ ఉండాలి. ట్రయల్ మొదలయ్యేముందే దాన్ని సీటీఆర్ఐ అనే ప్రభుత్వ పట్టికలో నమోదు చేయాలి. 2009 జూన్ నుంచి ఇది తప్పనిసరి. ఆ నంబరు అడిగి రాసుకోండి, ఫోన్‌లో వెతికి చూసుకోవచ్చు.

సమ్మతి పత్రం మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చదువు రానివాళ్ళయితే, ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఒకరు మొదటినుంచి చివరిదాకా పక్కనుండాలి. ఇంతవరకు వాడకంలో లేని సరికొత్త మందయి, రోగి బలహీన స్థితిలో ఉన్న మనిషయితే, వివరించడం, ఒప్పుకోవడం అంతా వీడియో తీయాలి. పత్రం కాపీ మనకివ్వాలి.

ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం. ట్రయల్ కారణంగా చనిపోయినా, శాశ్వతంగా దెబ్బతిన్నా నష్టపరిహారం ఉంది. 8 లక్షలు మూలంగా పెట్టుకొని వయసు, అప్పటికే జబ్బు ఎంత ముదిరింది అన్న లెక్కలతో ఆ మొత్తం కడతారు. జబ్బు ముదిరినవాళ్ళకు మొత్తం తగ్గుతుంది. ఇది వినడానికి కష్టమే, కానీ తెలుసుకోవాలి. జబ్బువల్లే చనిపోతే పరిహారం రాదు.

అన్నిటికన్నా పెద్ద హక్కు ఒకటుంది. ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా, ట్రయల్ నుంచి బయటికి రావచ్చు. వచ్చాక మామూలు వైద్యం ఆపకూడదు.

నేను దగ్గరుండి చూసినది

మా బ్లో రూములో పనిచేసిన ఒకన్నను ఇలాంటి ట్రయల్‌కే తీసుకెళ్ళాను. ఆస్పత్రి పేరు అనవసరం. హిందూపురం వైపు మనిషి, నోటి క్యాన్సర్. అక్కడి కోఆర్డినేటర్ అమ్మాయి ముప్పై పేజీల కన్నడ కాయితాలు చేతికిచ్చి "ఇవత్తే సైన్ మాడి" అంది. అన్నకు కన్నడ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. తెలుగు పత్రం కావాలి, ఇంటికి తీసుకుపోయి చదువుకొని వస్తాం అన్నాం. మొహం చిట్లించింది గాని రెండు రోజులకు తెలుగుది తెప్పించింది. ముగ్గురం కూర్చొని రెండు సాయంత్రాలు చదివాం. ఇరవై రెండు ప్రశ్నలు రాసుకొని పోయాం. డాక్టరు అన్నిటికీ జవాబు చెప్పాడు, గంటసేపు. అడిగేవాళ్ళకు చెప్పే డాక్టర్లు ఉన్నారు, అది కూడా చెప్పాలి కదా.

లాటరీలో అన్నకు కొత్త మందు రాలేదు. పాత వైద్యమే వచ్చింది. వదిన ఆ రోజు ఆస్పత్రి మెట్లమీద కూర్చొని "పక్క బెడ్డాయనకి వచ్చింది, మాకెందుకు రాలేదన్నా? మేమేం పాపం చేసినాము?" అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. చీటీకి పాపం, పుణ్యం తెలియవు. అన్న మాత్రం బయటికి రాలేదు. స్కానులు, రక్తపరీక్షలు ఉచితం, మూడు వారాలకోసారి పెద్ద డాక్టరు చూస్తాడు, ఛార్జీలిస్తారు, అది చాలన్నాడు. తొమ్మిది నెలలు ఉన్నాడు. పోయాడు. వదినకు ఆ కోపం ఇప్పటికీ తీరలేదు. ట్రయల్‌లో చేరేవాళ్ళు ఇలా కూడా జరగొచ్చని తెలుసుకొని చేరాలనే ఇది రాస్తున్నాను.

సంతకానికి ముందు అడగాల్సినవి

చించి దాచుకోండి.

1. ఇది ఎన్నో మెట్టు ట్రయల్? ఇంతకుముందు ఎంతమందికి ఈ మందు ఇచ్చారు?
2. ట్రయల్‌లో చేరకపోతే నాకు ఏ వైద్యం చేస్తారు? అది ఎంతవరకు పనిచేస్తుంది?
3. లాటరీ ఉందా? నాకు కొత్త మందు రాకపోతే ఏం ఇస్తారు?
4. ఏవి ఉచితం, ఏవి నేను కట్టాలి? స్కాను, బెడ్డు, ఛార్జీలు, పక్కనుండే మనిషి ఖర్చు?
5. ఎన్నిసార్లు రావాలి? ఎన్ని రోజులు పనికి పోలేను?
6. మందు పనిచేస్తే, ట్రయల్ అయిపోయాక కూడా ఇస్తారా? ఎవరిస్తారు?
7. రాత్రి రెండు గంటలకు ఒంట్లో బాగలేకపోతే ఎవరికి ఫోన్ చేయాలి?
8. సీటీఆర్ఐ నంబరు ఎంత? ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఏది?

ఏడో ప్రశ్న మరవద్దు. ఇమ్యునోథెరపీ వల్ల వచ్చే ఇబ్బందులు కీమోలాంటివి కావు. కాపలాదారుకు ఊపెక్కితే మనవాళ్ళనూ కొడతాడు. పేగు వాచి విరేచనాలు, ఊపిరితిత్తులు వాచి ఆయాసం, కాలేయం, థైరాయిడ్ దెబ్బతినడం, ఇవి వారాలకో నెలలకో కూడా రావచ్చు. ఆరో ఇంజెక్షన్ తర్వాత విరేచనాలు పట్టుకుంటే "బయట తిన్నది పడలేదులే" అని మెడికల్ షాపులో మాత్ర కొని ఊరుకోవద్దు. ఆలస్యం చేస్తే పేగుకు రంధ్రం పడేదాకా పోవచ్చు. వెంటనే ఫోన్ చేస్తే స్టెరాయిడ్ మందులతో చాలామందికి అదుపులోకి వస్తుంది. ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు ట్రయల్ కార్డు చూపించండి. కార్-టీ అయితే మొదటి రోజుల్లోనే పెద్ద జ్వరం, బీపీ పడిపోవడం, మాట తడబడటం రావచ్చు. అందుకే వాళ్ళను ఆస్పత్రిలోనే ఉంచుతారు.

డాక్టరు దగ్గర ఏదీ దాచవద్దు. పాత టీబీ, కామెర్లు, కీళ్ళవాతానికి వాడే మందులు, నాటు మందు, అన్నీ చెప్పండి. ముఖ్యంగా మనం దూది దుమ్ములోనో, గ్రానైటు పొడిలోనో ఎన్నేళ్ళు పనిచేశామో చెప్పాలి. ముందే పాడైన ఊపిరితిత్తులకు ఈ మందులతో ప్రమాదం ఎక్కువ. చెప్తే ట్రయల్‌లోంచి తీసేస్తారేమోనని దాచేవాళ్ళు ఉన్నారు. తీసేస్తే అది మన మంచికే.

జీతం, ఈఎస్ఐ

ట్రయల్‌లో చేరినా చేరకపోయినా ఈఎస్ఐ హక్కులు పోవు. మామూలు జబ్బుకు ఏడాదిలో 91 రోజులు 70 శాతం జీతం వస్తుంది. క్యాన్సర్ దీర్ఘకాల జబ్బుల పట్టికలో ఉంది కాబట్టి, రెండేళ్ళ సర్వీసు ఉండి, చందా సరిగ్గా కట్టి ఉంటే, 80 శాతం చొప్పున రెండేళ్ళదాకా ఇస్తారు. దీనికి ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ కావాలి. ట్రయల్ వేరే ఆస్పత్రిలో నడుస్తుంటే అక్కడి కాయితాలు తెచ్చి ఈఎస్ఐలో ఎప్పటికప్పుడు చూపించి సర్టిఫికెట్ రాయించుకోండి. నెలలు గడిచాక పోతే పని కాదు. ఉద్యోగానికి రాజీనామా మాత్రం పెట్టొద్దు. "జబ్బు మనిషివి, లెక్క తేల్చుకొని పో" అని సూపర్‌వైజరు అన్నాసరే, ముందు యూనియన్ ఆఫీసుకు రండి.

చివరగా ఆ ముగ్గురికీ, ఇలాంటి ప్రశ్నే మనసులో పెట్టుకొని అడగలేకపోయిన మిగతావాళ్ళకూ చెప్పేది ఇదే. చేరండి అనను, చేరొద్దనీ అనను. ఒకరికి మూడో మెట్టు ట్రయల్, చేరకపోతే చేతిలో వేరే మందు లేదు. ఇంకొకరికి ఆపరేషన్‌తోనే నయమయ్యే దశ. ఇద్దరికీ ఒకే జవాబు ఉండదు. నయమయ్యే వైద్యం ఉన్నప్పుడు దాన్ని ఆపి ట్రయల్ కోసం ఎదురుచూడవద్దు. ఉన్న మందులన్నీ అయిపోయినప్పుడు ట్రయల్ అనగానే పారిపోనూ వద్దు. 'ఈరోజే సంతకం పెట్టాలి' అని ఎవరు తొందరపెట్టినా, కాయితం తీసుకొని ఇంటికి రండి.

ఆ కాయితం చదవడానికి తోడు కావాలంటే ప్రతి ఆదివారం పొద్దున పది గంటలకు మన పఠనమందిరంలో ఉంటాను. కన్నడం చదవగలిగిన పిల్లలు ఇద్దరు నాకు సాయం చేస్తున్నారు. వచ్చేటప్పుడు రిపోర్టులన్నీ, ఒక నోటుబుక్కు, పెన్ను తెచ్చుకోండి. చక్కెర జబ్బు సంగతి వచ్చే నెల తప్పకుండా.